డబ్బు కట్టేవాళ్ళకి ఎన్ని పేర్లో!

ఈ నెల నేను మాటల పాఠం రాస్తున్నాను. సరుకు కొన్నా, పని చేయించుకున్నా డబ్బు కట్టాలి కదా. కానీ కట్టేవాళ్ళని అన్నిచోట్లా ఒకే పేరుతో పిలవరు. ఎందుకో చూద్దాం.

1. బేరం, ఖాతా

బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల కొట్టుకి వెళ్తే మనం ‘బేరం’. “పొద్దున్నించి బేరాల్లేవు” అంటారు చూడండి, అది. కొని బయటికొస్తే ఆ పేరు అయిపోతుంది. ఎప్పుడూ ఒకే కొట్టుకి వెళ్ళేవాళ్ళని ‘ఖాతా’ అంటారు. హైదరాబాదు వైపు ‘గిరాకీ’ అంటారు.

2. చివర ‘దారు’ ఉన్న మాటలు

‘దారు’ పారసీ భాష నుంచి వచ్చింది. కలిగినవారు అని అర్థం.

ఖాతాదారు: బ్యాంకులో ఖాతా ఉన్నవారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులోనే ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసింది. బ్యాంకు పేరు పోయినా ఖాతాలో డబ్బు ఖాతాదారులదే. కాబట్టి బ్యాంకులో మన డబ్బు మనం అడగడం దానం అడగడం కాదు.

చందాదారు: పత్రికకి ముందుగా డబ్బు కట్టినవారు. బందరులో 1902లో మొదలైన కృష్ణాపత్రిక లాంటివాటికి ఇలాంటివాళ్ళే అండ. డబ్బు ముందు, పత్రిక తరవాత. అంటే ఇందులో నమ్మకం ఉంది.

ఆయకట్టుదారు: కాలవ కింద పొలం ఉండి నీటితీరువా కట్టే రైతు. దివిసీమలో ఈ మాట బాగా వినబడుతుంది. 1997లో మన రాష్ట్రంలో చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు.

3. ‘దారు’ ఉన్నా లేకపోయినా

గుడివాడ జంక్షన్లో టిక్కెట్టు కొన్నవారు ప్రయాణికులు. బందరు వెళ్ళినా, భీమవరం వెళ్ళినా అదే పేరు.

ఆసుపత్రిలో ఫీజు కట్టినవారు రోగి. ఈ మాటలో జబ్బే కనబడుతుంది, కట్టిన డబ్బు కనబడదు. మా పేటలో ఒకామె ఒక ఆసుపత్రిలో డబ్బు కట్టి రసీదు అడిగితే “నీకెందుకు?” అన్నారు. ఆమె మాట్లాడకుండా వచ్చేసింది. కానీ ఫీజు తీసుకుని చేసే వైద్యం కూడా సేవేనని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆమె రోగి మాత్రమే కాదు, వినియోగదారు కూడా. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోని ఆసుపత్రికి మాత్రం ఇది వర్తించదు.

వకీలుకి ఫీజు ఇచ్చేవారు కక్షిదారు. ఇక్కడ లెక్క వేరు. వకీలు పని వినియోగదారుల చట్టం కిందకి రాదని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చూశారా, డబ్బు కట్టిన అందరూ వినియోగదారులు కారు.

4. మా ఇంటి మాట

మాది యానాదుల పేట. మా నాన్న వరిచేలల్లో ఎలకల బుట్టలు పెడతాడు. పట్టిన ఎలకల లెక్కన రైతు డబ్బులిస్తాడు. బొరియ చూసి లోపల ఎలక ఉందో లేదో చెప్పడం అందరికీ రాదు, అదీ ఒక విద్యే. అంటే సేవ చేసేది మా నాన్న, డబ్బు కట్టేది రైతు. మరి ఆ రైతుని బేరం అంటామా? అనం. ‘ఆసామి’ అంటాం, ‘అయ్యగారు’ అంటాం.

ఆసుపత్రిలో డబ్బు కట్టేవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడతారు. చేలో డబ్బు తీసుకునేవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడతారు. రెండు చోట్లా నిలబడేది మా నాన్నే. కాబట్టి పేరు డబ్బుని బట్టే రాదు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని లోకం అనుకునేదాన్ని బట్టి కూడా వస్తుంది.

5. గుర్తు పెట్టుకోవలసినవి

వినియోగదారుల చట్టం మొదట 1986లో వచ్చింది. అందుకే డిసెంబరు 24న వినియోగదారుల దినోత్సవం చేస్తారు. 2019లో కొత్త చట్టం చేశారు, అది 2020 జూలైలో అమలుకి వచ్చింది.

డబ్బు కట్టినచోట రసీదు అడగాలి, దాచుకోవాలి. అన్యాయం జరిగితే రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదు చెయ్యాలి. మన జిల్లాది మచిలీపట్నంలోనే ఉంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫిర్యాదుకి ఫీజు లేదు. ముందు సలహా కావాలంటే 1915కి ఫోను చెయ్యొచ్చు.

ఇంటిపని: సెలవులకి వెళ్ళినప్పుడు మీ అమ్మానాన్నలు ఎవరెవరికి డబ్బు కడుతున్నారో, అక్కడ వాళ్ళని ఏమని పిలుస్తున్నారో రాసుకురండి. ఎరుకల, సుగాలి అక్కలు మీ ఇంటి భాషలో మాటలు కూడా తేవాలి. అన్నీ కలిపి వచ్చే గోడపత్రికలో పట్టిక వేద్దాం. రసీదు ఉంటే అదీ చూసి రండి. చదవడం రానివాళ్ళకి అందులో ఏముందో మనమే చదివి చెప్పాలి.

— 9వ తరగతి విద్యార్థిని