తెరపై బొమ్మ, తెర వెనుక నియమము
(వినియోగదారుని సౌకర్యమునకు బిజినెస్ అనలిస్టు చేయగల సేవ)

పూతలపట్టు ప్రాంతపు రైతు పంటఋణము కొరకు బ్యాంకుకు వెళ్లిన యెడల అడంగలు నకలు, 1-బి నకలు తెమ్మని అడుగుదురు. ఆ భూమి అతనిదేనా, అందు మామిడి యున్నదా, చెరకు యున్నదా అను సంగతి ప్రభుత్వ రికార్డు చెప్పవలెను. ఆ రికార్డు ప్రభుత్వము వద్దనే యున్నది. అయినను ఒకప్పుడు దాని నకలు సంపాదించుటకు దరఖాస్తు వ్రాయించుట, గ్రామములో రెవెన్యూ ఉద్యోగి కొరకు వేచియుండుట, మండల కార్యాలయమునకు పోయి సంతకము పడినదో లేదో కనుగొనుట తప్పెడివి కావు. సంతకము చేయవలసిన అధికారి ఆనాడు సమావేశమునకు చిత్తూరు వెళ్లియున్నచో రైతునకు బస్సుఛార్జియు, ఒక దినపు పనియు నష్టము.

2011 నవంబరు 4వ తేదీన ‘మీసేవ’ పథకము మన చిత్తూరు జిల్లాలోనే తొలుత ప్రారంభమైనది. రెవెన్యూ, రిజిస్ట్రేషను శాఖలకు చెందిన పది సేవలతో మొదలై పిదప రాష్ట్రమంతటికి విస్తరించినది. అడంగలు వంటి నకళ్లను కౌంటరు వద్దనే పదునైదు నిమిషములలో ఈయవలెనని అందలి ఏర్పాటు. ఇది ఎట్లు సాధ్యమైనది? కంప్యూటరు తెరను అందముగా తీర్చుటచేత కాదు. ఆపరేటరు చూచు తెరను రైతు చూడనే చూడడు. అసలు మార్పు సంతకము విషయమున జరిగినది. మునుపు రైతు అడిగిన పిమ్మట అధికారి సంతకము చేసెడివాడు. మీసేవలో రికార్డులను ముందుగనే డిజిటల్ సంతకముతో కేంద్ర భాండాగారమున భద్రపరచిరి. రైతు కౌంటరు చేరునప్పటికే సంతకము సిద్ధముగా నుండును. 2000 సంవత్సరపు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టము డిజిటల్ సంతకమునకు చట్టబద్ధమైన విలువ నిచ్చినందున ఈ పద్ధతి చెల్లుబాటైనది. సంతకమును అడిగిన తరువాతనే ఏల చేయవలెను, ముందుగనే చేసియుంచిన నేమి అను ప్రశ్న చూచుటకు చిన్నది. బిజినెస్ అనలిస్టు అనబడు ఉద్యోగి నేర్వవలసిన విద్య యంతయు ఇట్టి ప్రశ్నలు వేయుటలోనే కలదు.

బిజినెస్ అనలిస్టు అనగా వ్యవహార విశ్లేషకుడు. సంస్థకు ఏమి కావలెనో, దాని సేవలను వాడుకొను ప్రజలకు ఏమి కావలెనో విచారించి, డిజైనరునకును ప్రోగ్రామరునకును బోధపడునట్లు వ్రాసి యిచ్చువాడు. ఈ వృత్తికి అంతర్జాతీయ సంస్థ 2003లో కెనడాలోని టొరంటోలో ఏర్పడినది. ఇక ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్’, అనగా వినియోగదారుని అనుభవము, అను మాటను డొనాల్డ్ నార్మన్ అను అమెరికా పండితుడు 1990 దశకపు ఆరంభమున ఆపిల్ కంపెనీలో పనిచేయుచు ప్రచారములోనికి తెచ్చెను. ఆయన ఉద్దేశ్యములో అది తెరకు మాత్రమే పరిమితము కాదు. ఒక సాధనముతోను, ఒక సేవతోను మనిషికి మొదటినుండి చివరివరకు గల సంబంధమంతయు అందు చేరును. కాలక్రమమున ఆ మాట రంగులకు, బొత్తాములకు, అక్షరముల పరిమాణమునకు కుదించుకొనిపోయినది. ఇది విచారింపదగిన విషయము. ఏలయన, అక్కరలేని కాగితము నడుగు తెర యెంత సుందరముగా నున్నను, ఆ కాగితము కొరకు తిరుగువాని శ్రమ తగ్గదు.

మీసేవకు ముందే జంటనగరములలో 1999 డిసెంబరున ‘ట్విన్స్’ అను ప్రయోగము, దాని వెనుక 2001 ఆగస్టున ‘ఈసేవ’ వచ్చినవి. కరెంటు బిల్లు ఒకచోట, నీటి బిల్లు వేరొకచోట, ఇంటిపన్ను ఇంకొకచోట కట్టుచుండిన ప్రజలు ఏ కౌంటరులోనైనను ఏ బిల్లునైనను కట్టగలిగిరి. శాఖల మధ్య సరిహద్దులు ప్రభుత్వమునకు అవసరము కావచ్చును గాని, వాటిని తెలిసికొనవలసిన భారము ప్రజలకు లేదని ఆ యేర్పాటు ఒప్పుకొన్నది. ఇదియు తెరను బట్టి వచ్చిన మేలు కాదు, నియమమును బట్టి వచ్చిన మేలే.

అయితే మీసేవను పొగడుటతో ఊరకుండరాదు. అందలి సేవలు ‘ఎ’ అనియు ‘బి’ అనియు రెండు తరగతులు. అడంగలు, ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు మొదలగునవి ‘ఎ’ తరగతివి. కుల, ఆదాయ ధ్రువపత్రముల వంటివి ‘బి’ తరగతివి. వీటికి విచారణ జరుగవలెను, అధికారి ఆమోదింపవలెను. ఈ రెండవ తరగతిలో దరఖాస్తు నిచ్చు స్థలము మారినది గాని విచారణ మారలేదు. కళాశాల విద్యార్థులకు ఉపకారవేతనముల వేళ కావలసినవి ఈ రెండవ తరగతి పత్రములే యని వేరుగ చెప్పనక్కరలేదు. ఆదాయము ఏటేట మారవచ్చును, కాని కులము మారదు గదా! ఈ భేదమును గమనించి, దేనికి మరల విచారణ కావలెను, దేనికి అక్కరలేదు అని విడదీసి అధికారుల యెదుట నుంచువాడే మంచి విశ్లేషకుడు.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘మనమిత్ర’ పేరిట 161 సేవలను వాట్సాప్ ద్వారా అందించుటకు ఆరంభించినది. ప్రయాణము తప్పుట గొప్ప మేలు. కాని ఇందొక సూక్ష్మము కలదు. కౌంటరులోని ఆపరేటరు టైపు చేయుట మాత్రమే గాక, దరఖాస్తుదారుని మాటను అర్థము చేసికొని గడికి తగినట్లు మార్చి వ్రాయుచుండెను. ‘అయ్యా, ఇచ్చట ఇంటిపేరు ముందు వ్రాయవలెను’ అని చెప్పుచుండెను. కౌంటరు లేనిచోట ఈ సాయము లేదు. అతడు నోటితో చెప్పినదంతయు ఇప్పుడు నియమములోను, తెరపైని వాక్యములోను ఉండవలెను. ఆపరేటరు ఏయే మాటలు చెప్పుచుండెనో పక్కన కూర్చుండి వ్రాసికొననిదే డిజైనరునకు అవి తెలియవు.

పేర్ల సంగతియే చూడుడు. ఉర్దూ మాతృభాషగా గల కుటుంబములకు ఇది అనుభవవేద్యము. ఉర్దూలో ఛోటా కాఫ్, బడా ఖాఫ్ అని రెండక్షరములు కలవు. రెండవదానికి సరియైన అక్షరము తెలుగున లేదు. దక్కనీ ఉర్దూ మాటలాడువారు దానిని ‘ఖ’ వలె పలుకుదురు. కనుక ఒకే మనిషి ఒకచోట ఖాదర్ బాషా, మరొకచోట కాదర్ బాష. ఆంగ్లమున వ్రాయునపుడు ఒక గుమాస్తా ‘కె’తోను, మరొకరు ‘కె, హెచ్’లతోను, చదువుకొన్నవారు ‘క్యూ’తోను మొదలిడుదురు. షేక్ అను మాటకే ఆంగ్లమున మూడునాలుగు వర్ణక్రమములు వాడుకలో నున్నవి. అది ముందు రావలెనా, చివర రావలెనా యనునది మరియొక చిక్కు. పదవతరగతి మార్కుల జాబితాలో ఒక విధముగ, ఆధారు కార్డులో ఇంకొక విధముగ నున్న పేరును కంప్యూటరు ఇద్దరు మనుష్యులుగా నెంచును. దరఖాస్తు తిరిగివచ్చును. గడువు దాటినచో ఒక సంవత్సరపు ఫీజు పోవును. తప్పు విద్యార్థిది కాదు, గుమాస్తాది కూడ కాదు. పేరు అక్షరము అక్షరముగ సరిపోవలెనను నియమము ఎవరో ఆలోచింపక వ్రాసినది.

ఇచ్చట విశ్లేషకుడు చేయగల సేవ స్పష్టము. పేరు సరిపోనపుడు త్రోసివేయుటకు బదులు పుట్టినతేదీ, తండ్రిపేరు, హాల్‌టికెట్టు సంఖ్య సరిపోయినవేమో చూడవలెననియు, ‘మీ మార్కుల జాబితాలో పేరు ఇట్లున్నది, ఇది మీదేనా?’ అని దరఖాస్తు పంపక ముందే విద్యార్థి నడుగవలెననియు, అప్పటికిని తేలనిచో ఒక మనిషి పరిశీలనకు పంపవలెననియు వ్రాసి యీయవలెను. అంతట డిజైనరు ఆ ప్రశ్న సులువుగ చదువుకొనునట్లు తెరను తీర్చును. విశ్లేషకుడు ఈ నియమము వ్రాయనిచో డిజైనరు ఎంత నిపుణుడైనను తిరస్కారమును ఎఱ్ఱని అక్షరములకు మారుగ పచ్చని అక్షరములలో చూపగలడు, అంతే.

వేలిముద్రలును ఇట్టివే. మట్టిపని, రాతిపని చేయువారికిని వృద్ధులకును వేలి గీతలు అరిగిపోవును. యంత్రము వారిని గుర్తింపదు. అప్పుడేమి చేయవలెను? కనుపాప చూడవలెనా, ఫోనునకు సంఖ్య పంపవలెనా, ఫోను లేనివాని గతి యేమి? ఈ మెట్టు ముందుగ వ్రాసియుండనిచో ఆ తెరను ఎవరును గీయరు, ఆ ముసలివాడు రేషను లేక వెనుదిరుగును. పదిమందిలో తొమ్మండుగురికి జరుగునది అందరికి తెలిసినదే. పదవవాని కథను సేకరించుట విశ్లేషకుని ప్రత్యేక ధర్మము.

ఈ వృత్తిలో ఒక ప్రమాదమును చెప్పక తప్పదు. విశ్లేషకునకు జీతమిచ్చునది సంస్థ. సమావేశమున మాటలాడువారు అధికారులు. వారు చెప్పినదే వినియోగదారుని అవసరమని వ్రాసికొనివచ్చుట కడు సులభము. ‘అన్ని గడులు తప్పనిసరి’ అను వాక్యము ఇట్లే పుట్టును. దీనికి మందు పుస్తకములలో వెదకనక్కరలేదు. తిరస్కరింపబడిన దరఖాస్తుల కట్టను తెప్పించుకొని, కారణములను ఒక్కొక్కటిగ చదివినచో చాలును. ఒకే కారణము మరలమరల కనబడిన యెడల దోషము ప్రజలయందు గాక ఫారమునందున్నదని గ్రహింపవలెను. ఎన్ని గడులు, ఎన్ని కాగితములు, ఎన్ని ప్రయాణములు అని లెక్కించి డిజైనరు చేతికిచ్చినచో అతని పని సగము తీరినట్లే.

ఈ ఉద్యోగములు కంప్యూటరు శాస్త్రము చదివినవారికే యను అపోహ మన విద్యార్థులలో కలదు. కామర్సు చదివి లెక్కలెరిగినవారు, ఉర్దూ తెలుగు రెండు భాషలలోను ఎదుటివాని మాటను ఓపికతో వినగలవారు దీనికి మిక్కిలి తగినవారు. అభ్యాసమునకు బెంగుళూరు దాక పోనక్కరలేదు. కళాశాల కమిటీవారికి ఒక మనవి. రానున్న ప్రవేశముల వేళ ఇద్దరు విద్యార్థులను ఆఫీసు కౌంటరు ప్రక్కన వారము దినములు కూర్చుండనిండు. ప్రవేశ దరఖాస్తులో ఏ గడిని ఎక్కువమంది ఖాళీగ విడిచిరి, ఏ గడిలో కొట్టివేతలు పడినవి, ఏ కాగితము కొరకు ఎందరు తిరిగిపోయిరి, తల్లిదండ్రులు గుమాస్తాగారిని ఏ ప్రశ్న పదేపదే అడిగిరి అను నాలుగు సంగతులు మాత్రము నోటుపుస్తకమున వ్రాసికొని, మరుసటి సంవత్సరపు ఫారము అచ్చునకు పోకముందు కమిటీవారికి చూపుదురు.