డార్క్ చాక్లెట్ – రక్తపోటు: ఒక ప్రమాణ విచారము

డార్క్ చాక్లెట్ తినిన రక్తపోటు తగ్గుననియు, ఆ తగ్గుదలను చేతి స్మార్ట్ వాచీలోనే చూడవచ్చుననియు ఒక నమ్మకము ప్రబలినది. విశాఖపట్నమున ఓడరేవులోను, ఉక్కు కర్మాగారములోను షిఫ్టు డ్యూటీలు చేయువారు ఈ విషయమును తరచుగా అడుగుచున్నారు. వాచీలో అంకె తగ్గినదని మాత్రలు మానుటకు సిద్ధపడువారును కలరు. కనుక దీనిని విచారించుట అవసరము.

కోకో అమెరికా ఖండమునకు చెందిన వృక్షము. నేడు మన గోదావరి ప్రాంతపు కొబ్బరితోటలలో అంతరపంటగా పండుచున్నను, ప్రాచీన సంహితలలో దీని ప్రస్తావన లేదు. ఇట్టి ద్రవ్యమును పరీక్షించుటకు చరకసంహిత సూత్రస్థానమున చెప్పిన ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము, యుక్తి అను నాలుగు ప్రమాణములే మనకు ఆధారము.

ద్రవ్యగుణము: కోకో గింజ తిక్త కషాయ రస ప్రధానము. అందలి ఫ్లావనాల్స్ అను పదార్థములు రక్తనాళముల లోపొరలో నైట్రిక్ ఆక్సైడును పెంచి, నాళములను కొంత సడలించును. క్షారముతో శుద్ధిచేసిన కోకోలో ఇవి చాలవరకు నశించును. కనుక అట్టపై 70 శాతమని ఉన్నంత మాత్రమున గుణము నిశ్చయము కాదు.

ఫలము: 2017లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 35 పరిశోధనలను పరిశీలించినది. సగటు తగ్గుదల 2 మిల్లీమీటర్లకు లోపే. ముందే పోటు ఎక్కువగా ఉన్నవారిలో పై అంకె సుమారు 4 తగ్గినది. ఆహారమున రోజుకు 4 గ్రాముల ఉప్పు తగ్గించిన అట్టివారిలో సుమారు 5 తగ్గును. ఊరగాయ, అప్పడము, ఎండుచేప విడువక చాక్లెట్ తినుట వలన ప్రయోజనమేమి?

వాచీ: పొగను చూచి నిప్పును ఊహించుట అనుమానము. వాచీ కూడ చర్మముపై వెలుగు ప్రసరింపజేసి, నాడీ తరంగమును గమనించి, దానినుండి పోటును ఊహించును. దండచేతికి పట్టీ బిగించి కొలుచునది ప్రత్యక్షమునకు సమీపము. పట్టీలేని పరికరములపై ఆధారపడి చికిత్స నిర్ణయింపరాదని 2023లో యూరోపియన్ రక్తపోటు సంఘము తెలిపినది. మెట్లెక్కినను, మాటలాడినను పోటు 10 మిల్లీమీటర్లు మారగలదు. నిద్రలో సహజముగనే దిగును. రాత్రి డ్యూటీ వారికి ఆ దిగుదల పగటి నిద్రలో కలుగును. ఇన్ని హెచ్చుతగ్గుల నడుమ 2 మిల్లీమీటర్ల మేలును ఒక సాయంకాలపు అంకెలో గుర్తించుట అసాధ్యము.

ఆచరణ విధానము: యుక్తి యనగా అనేక కారణములను కూర్చి నిర్ణయించుట. పరీక్షింపగోరువారు పట్టీగల యంత్రముతోనే కొలువవలెను. కొలతకు ముందు అరగంటసేపు టీ, కాఫీ, పొగాకు, చాక్లెట్ వాడరాదు. 5 నిమిషములు వీపు ఆనించి, పాదములు నేల మోపి, మౌనముగా కూర్చుండవలెను. చేయి హృదయమునకు సమముగా ఉంచి, నిమిషము వ్యవధిలో రెండుమార్లు చూడవలెను. షిఫ్టువారు గడియారపు వేళను గాక, నిద్రలేచిన వేళను బట్టి కొలువవలెను. చాక్లెట్ ఆరంభింపక ముందు 7 దినములు, కొన్ని వారములు వాడిన పిమ్మట 7 దినములు, ఉదయ సాయంకాలములు కొలిచి సగటులను పోల్చవలెను. ఇంటి కొలతల సగటు 135/85 గాని, అంతకు మించి గాని ఉన్నచో వైద్యుని చూడవలెను.

మధుమేహము, అమ్లపిత్తము, మూత్రాశ్మరి గలవారు వైద్యుని అడుగక దీనిని వాడరాదు. ఇతరులు చిన్న ముక్క తినవచ్చును. అది ఆహారమేగాని ఔషధము కాదు. మాత్రలను తగ్గించుట గాని, మానుట గాని వైద్యుని నిర్ణయము. వాచీలోని అంకెను చూచి ఆ పని ఎన్నడును చేయరాదు.