ఱొమ్ముగోడలో సందు: ఊపిరితిత్తి హెర్నియా

హెర్నియా యనగానే మనకు పొట్టయు గజ్జయు స్ఫురించును. పొట్టగోడలో బలహీనమైన చోట సందు ఏర్పడి, అందుండి ప్రేగు వెలుపలికి త్రోసికొని వచ్చుటయే ఆ వ్యాధి. మన ప్రాచీన వైద్యులు దీనిని ఆంత్రవృద్ధి యనిరి. ఆంత్రమనగా ప్రేగు. అట్టి సందు ఱొమ్ముగోడలో పడినచో వెలికివచ్చునది ప్రేగు కాదు, ఊపిరితిత్తి. కావున ఆ పాతమాట దీనికి చెల్లదు. ఊపిరితిత్తి హెర్నియా యనియే చెప్పుకొందము. ఇది మిక్కిలి అరుదైనది. 1499లో రోలండ్ అను వైద్యుడు దీనిని మొదట వర్ణించెనని వైద్యచరిత్రకారులు చెప్పుదురు.

ముందుగా ఱొమ్ముగోడ నిర్మాణమును తెలిసికొందము. 12 జతల ప్రక్కటెముకలు వెనుక వెన్నెముకకు అతుకుకొని యున్నవి. వానిలో పై 10 జతలు ముందువైపున మృదులాస్థుల ద్వారా, సూటిగానో పై మృదులాస్థితో కలిసియో, ఱొమ్ముటెముకతో సంబంధము కలిగియుండును. రెండేసి యెముకల నడుమ కండరములు పొరలుపొరలుగా పరచుకొని యుండును. అయితే వెలుపలి పొర ముందువైపున ఱొమ్ముటెముక దాక రాదు. లోపలి పొర వెనుకవైపున వెన్నెముక దాక పోదు. కావున ఆ రెండుచోట్లను గోడ పలుచన. అందును వెనుకభాగమును వీపుకండరములు కాపాడును. ముందుభాగమునకు అంతటి రక్షణ లేదు. హెర్నియా ముందువైపున హెచ్చుగా కనబడుటకు ఇదియే కారణము. మెడ మొదటను, ఊపిరితిత్తి కొనపై కప్పిన పొర బలహీనమైనచో, ఇది రావచ్చును.

కొందరికి ఈ లోపము పుట్టుకతోనే యుండును. దెబ్బ తగిలి ప్రక్కటెముకలు విరిగినవారికిని, పూర్వము ఱొమ్ముపై శస్త్రచికిత్స జరిగినవారికిని తరువాత రావచ్చును. పొగత్రాగి దీర్ఘకాలము దగ్గువారికి తీవ్రమైన దగ్గుతోనే కండరము చిట్లవచ్చును. దగ్గునపుడు కంఠద్వారము మూసికొని, ఱొమ్ములోని పీడనము ఒక్కమారుగా పెరుగును. ఊపిరితిత్తి ఆ సందులోనికి త్రోయబడును. గాలి పీల్చునపుడు పీడనము తగ్గి, అది లోనికి జారును. దగ్గినపుడు ఉబ్బి, గాలి పీల్చినపుడు అణగు మెత్తని వాపే దీని ముఖ్యలక్షణము.

ఇచట విద్యార్థులు గట్టిగా గుర్తుంచుకొనవలసిన మాట యొకటి కలదు. ఱొమ్ముపై మెత్తని వాపు కనబడగానే గడ్డ యని తలచి సూదితో పొడిచినను, కోసినను ప్రమాదము. ఊపిరితిత్తికి చిల్లు పడినచో గాలి ఱొమ్ముకుహరములో చేరి, ఆ ఊపిరితిత్తిని నొక్కివేయును. వాతలు పెట్టినను, బిగించి కట్టినను సందు పూడదు. ఎక్స్‌రే, సి.టి. స్కాను పరీక్షలలో, ముఖ్యముగా రోగి ముక్కి ఊపిరి బిగబట్టినపుడు తీసిన చిత్రములో, సందు స్పష్టపడును.

బాధలేని చిన్న హెర్నియాను కనిపెట్టి చూచుచుండిన చాలును. నొప్పి యున్నను, వాపు పెరుగుచున్నను, ఊపిరితిత్తి సందులో చిక్కుకొన్నను శస్త్రచికిత్స చేయవలెను. వైద్యుడు అతుకులను విడదీసి, ఊపిరితిత్తిని స్వస్థానమునకు చేర్చి, సందును మూయును. పట్టునేతకు పేరొందిన మన బరంపురము వారికి ఈ పని సులభముగా బోధపడును. చిన్న చిరుగును అంచులు చేర్చి కుట్టుదుము; పెద్ద చిరుగును అట్లు లాగి కుట్టినచో బట్ట మరల చినుగును గనుక అతుకు వేయుదుము. అటులనే చిన్న సందైనచో ఇరువైపుల ప్రక్కటెముకలను బలమైన దారముతో దగ్గరకు చేర్చుదురు. ప్రతి ప్రక్కటెముక క్రిందియంచున నాడి యుండుటచే, అది నలిగి నొప్పి నిలిచిపోకుండ, క్రిందియెముకకు సన్నని రంధ్రములు చేసి దారము దూర్చుటయు కలదు. పెద్ద సందునకు పాలీప్రొపిలీన్ వంటి పదార్థముతో చేసిన వలను బిగింతురు. అవసరమైనచో వీపుకండరమును త్రిప్పి తెచ్చి కప్పుదురు, లేదా టైటానియము పలకలను అమర్తురు. పిమ్మట లోపల మిగిలిన గాలి వెలికిపోవుటకు గొట్టము పెట్టి, దాని కొనను సీసాలోని నీటిలో ముంచుదురు. గాలి బయటికి పోవును గాని తిరిగి లోనికి రాదు.

రోగి పొగత్రాగుట మానవలెను, దగ్గునకు చికిత్స పొందవలెను, శ్వాసవ్యాయామము చేయవలెను. హెర్నియా మిగిలియున్నవారు వేరొక శస్త్రచికిత్సకు పోయినను మత్తువైద్యునికి ముందే తెలుపవలెను. యంత్రముతో గాలి నింపునపుడు వాపు పెరుగవచ్చును.

1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రము ఏర్పడుటకు ముందు గంజాము మద్రాసు రాజధానిలోనిది. 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల వెలసెను. 1962లో మన బరంపురముననే వైద్యకళాశాల ఏర్పడెను. ఇపుడు వైద్యుడు చేరువనే యున్నాడు. కాని మన యిండ్లలోని పెద్దలు పెక్కుమంది తమ బాధను తెలుగులోనే చెప్పుకొందురు. “దగ్గినపుడు ఉబ్బుచున్నది, పీల్చినపుడు అణగుచున్నది” యను ఒక్క వాక్యమును వైద్యునికి ఒడియాలోనో ఆంగ్లములోనో సరిగా చేరవేసినచో, రోగనిర్ణయము సగము జరిగినట్లే. రెండు మూడు భాషలు నేర్చిన మన విద్యార్థులు ఆసుపత్రిలో తాతయ్యల ప్రక్కన నిలిచి ఆ పని చేయగలరు. ఈ పాఠము నేర్చుటకు ఇంతకు మించిన ప్రయోజనము వేరొకటి యుండునా?