జీడితోటలో ఒంటిగది ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మన ఉద్దానంలో దీనికి ఇంకొక ముక్క చేర్చుకోవాలి: కట్టిన ఇంటిని ఒక్క తుఫాను దాటించి చూడు!

ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. పలాస దాటి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు వెళ్ళేవారికి ఆ మాట నిజమేననిపిస్తుంది. కొబ్బరి, జీడి, పనస, మామిడి ఒకదాన్ని ఒకటి ఆనుకొని ఉంటాయి. అయితే ఆ తోటల్లో మనిషి ఉండే చోటు ఏది? చాలావాటిలో నాలుగు గుంజలు, పైన కొబ్బరి కమ్మలు, అంతే. దానినే కాపలా పాక అంటాం. కరెంటు తీగ గాని, కుళాయి గాని చేరని అలాంటి తోటలో చిన్న ఇల్లు కట్టాలంటే ఎలా ఆలోచించాలో, ఎక్కడ లెక్క వేసుకోవాలో ఈ వ్యాసంలో చూద్దాం. ఇంజనీరింగ్ చదవనివారికి కూడా అందే లెక్కలే వేశాను.

ముందుగా ఈ ఇంట్లో ఎవరు, ఎప్పుడు ఉంటారు? ఇది అడగకుండానే చాలామంది ఇటుకల రేటు అడుగుతారు. జీడి పూత శీతకాలంలో వస్తుంది. పిక్కలు ఏరేది మార్చి నుంచి మే దాకా, అనగా సరిగ్గా మండుటెండల్లో. కాపలావాళ్ళు, పిక్కలు ఏరే కూలీలు తోటలో ఉండేది అప్పుడే. తుఫాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. అప్పుడు ఇల్లు ఖాళీ. కాబట్టి ఈ ఇల్లు వేసవిలో మనిషిని చల్లగా ఉంచాలి, శీతకాలం ముందు మనిషి లేకుండానే గాలికి నిలబడాలి. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. చల్లదనానికి కమ్మల కప్పు, వెడల్పైన చూరు, అన్ని వైపులా తెరపి కావాలి. గాలికి ఇవన్నీ లోకువ.

గాలి బలం ఎంతో చూద్దాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో వేసుకొని, దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు న్యూటన్లలో ఒత్తిడి వస్తుంది. 150 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 42 మీటర్లు. లెక్క కడితే చదరపు మీటరుకు సుమారు 105 కిలోల బరువుతో సమానం. మన గది లోపల 10 అడుగులు, 12 అడుగులు అనుకుందాం. చుట్టూ 2 అడుగుల చూరు వదిలితే కప్పు 14, 16 అడుగులు, అంటే 21 చదరపు మీటర్లు. కప్పును పైకి లాగే బలం అటూఇటుగా 2 టన్నులు దాటుతుంది! అదే కప్పుకు ఇనుప రేకు వేస్తే రేకుల బరువంతా కలిపి 100 కిలోలు. తుఫానులో రేకులు కాగితాల్లా ఎగరటంలో వింత ఏముంది? బెంగళూరు పెంకు వేస్తే 900 కిలోల దాకా వస్తుంది, ఇంకా చాలదు. అందుచేత కప్పు బరువు మీద ఆశ పెట్టుకోకుండా దాన్ని నేలకు కట్టెయ్యాలి. గోడ గాలికి పడుతుందని భయపడతాం గాని, చిన్న ఇళ్ళలో చాలాసార్లు ముందు పోయేది కప్పే. కప్పు పోయాక ఆధారం లేని గోడ తర్వాత పడుతుంది.

ఈ సంగతి మన పూర్వులకు లెక్కలు లేకుండానే తెలుసు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరం పల్లెల్లో కనిపించే చుట్టిల్లు చూడండి. గుండ్రటి మట్టిగోడ, దాని మీద గోపురంలా కమ్మల కప్పు, చూరు మనిషి వంగి వెళ్ళేటంత కిందికి. మూల లేదు గనుక గాలి పట్టుకొని లాగటానికి చోటు దొరకదు. దాన్ని పేదరికపు గుర్తుగా చూసి పడగొట్టుకుంటున్నాం. నా మటుకు నాకు అది మన జిల్లా ఇంజనీరింగ్ అనిపిస్తుంది. కాకపోతే గుండ్రటి కప్పు నేసే పనివాళ్ళు తగ్గిపోయారు, కమ్మలను తరచు మార్చాలి, కమ్మల మీద పడిన వాన నీరు తాగటానికి పనికిరాదు. ఈ చివరి కారణం పెద్దది. అందువల్ల నేను నాలుగు వైపులా వాలే పెంకు కప్పునే ఎంచుతాను. వాలు 30 డిగ్రీలు ఉండాలి. రెండు వాలుల కప్పు కంటే దీన్ని గాలి తక్కువగా లాగుతుంది. అంచు వరసల పెంకులను తప్పకుండా తీగతో కట్టాలి. అరుగు మీద నీడ కావాలంటే దాని కప్పు వేరుగా కట్టాలి. పోతే అదే పోతుంది, అసలు కప్పును లాక్కుపోదు.

పునాది విషయం. ఇసుక నేలలో గుంజ పాతితే గాలి ఊపుకు వదులైపోతుంది. ఆరు స్తంభాలు, ఒక్కొక్కదాని కింద 2 అడుగుల చదరం, 16 అంగుళాల మందం కాంక్రీటు దిమ్మ పోస్తే దిమ్మ బరువు 350 కిలోలు. దాని మీద 2 అడుగుల ఇసుక కప్పితే మరో 330. ఆరు కలిపి 4 టన్నులు. గంటకు 180 కిలోమీటర్ల గాలికి మన కప్పు మీద లాగుడు 3 టన్నుల పైచిలుకు కాబట్టి ఇది చాలుతుంది. కొయ్య స్తంభాన్ని కాంక్రీటులో ముంచకండి, అడుగు కుళ్ళుతుంది. దిమ్మలో ఇనుప పట్టీ నాటి, స్తంభాన్ని దానికి బోల్టులతో బిగించాలి. స్తంభం నుంచి దూలానికి, దూలం నుంచి వాసానికి కూడా పట్టీలే. ఒక్క కీలు వదులైనా మిగతా ఖర్చంతా దండగ. ఉప్పుగాలికి మామూలు ఇనుము నాలుగేళ్ళు కూడా ఆగదు, జింకు పూత ఉన్నదే కొనాలి.

వాసాలకు ముదురు తాడి మంచిది. చెదల మందు మన ఊళ్ళోనే ఉంది. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కల పెంకు నుంచి తీసే నూనె కొయ్యకు పూస్తే చెదలు దగ్గరకు రావు. పడవల కొయ్యకు పూసే అలవాటూ ఉంది. పూసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలి, చర్మం కాలుతుంది. పిక్కలు వొలిచేవారి వేళ్ళు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇల్లు ఎక్కడ పెట్టాలి? కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దు. తిత్లీలో కొబ్బరి, జీడి చెట్లు లెక్కలేనన్ని కూలాయి. పొట్టి జీడిచెట్ల నడుమ కాస్త మెరక చూసుకోవాలి. సముద్రపు పోటు గీతకు 500 మీటర్ల లోపు అయితే తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి, ముందే పంచాయతీలోనూ తహశీల్దారు ఆఫీసులోనూ అడగటం మేలు.

ఇక నీళ్ళు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు సంగతి తెలియని ఇల్లు లేదు. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. నీరు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో నీళ్ళు చాలక చేసే చాకిరీ అన్నీ అనుమానంలోనే ఉన్నాయి. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కూలీలకు ఇటువంటి జబ్బే వచ్చింది. అక్కడ ఎండలో శ్రమకు పెద్ద పాత్ర ఉందని తలచి, పొలంలోనే నీళ్ళు, నీడ, మధ్యమధ్య విశ్రాంతి ఏర్పాటు చేశారు. మనకు 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం ప్రారంభమైంది. మంచిదే, కాని కుళాయి ఊళ్ళో ఉంటుంది, పిక్కలు ఏరే మనిషి తోటలో ఉంటుంది. కాబట్టి ఈ ఇంటి మొదటి పని ఆ మనిషికి నీడ, నీళ్ళు ఇవ్వటమే అని నా అభిప్రాయం. పడకగది ఆ తర్వాత.

మన జిల్లాలో ఏడాదికి 1000 మిల్లీమీటర్లకు మించి వాన పడుతుంది. 21 చదరపు మీటర్ల కప్పు మీద అది 21 వేల లీటర్లు. వృథా పోగా 16 వేలు దక్కుతాయి. ఇద్దరు కాపలావాళ్ళకు తాగటానికి, వంటకు మనిషికి 8 లీటర్ల చొప్పున నవంబరు చివర నుంచి 200 రోజులకు 3200 లీటర్లు. ఆరుగురు కూలీలకు మనిషికి 5 లీటర్లు, 60 రోజులకు 1800. మొత్తం 5000. సిమెంటు ఒరలతో 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు తొట్టి కడితే 3900 లీటర్లు పడుతుంది కనుక రెండు తొట్లు కట్టాలి. నిండిన తొట్టి ఒక్కొక్కటి 4 టన్నుల బరువు, కింద గట్టి చదును కావాలి. తొలకరి జల్లులు కప్పు కడిగి పోనిచ్చాకే తొట్టిలోకి మళ్ళించాలి. మూత, సన్నని వల తప్పనిసరి, లేకపోతే దోమల్ని పెంచినట్టే. తాగే నీరు కాచుకోవాలి. జబ్బు ఇప్పటికే ఉన్నవారు ఎన్ని నీళ్ళు తాగాలన్నది డాక్టరు చెప్పినట్టే.

వెలుగుకు సూర్యుడే దిక్కు. మూడు చిన్న బల్బులు, తక్కువ కరెంటు తినే ఫ్యాను ఒకటి, ఫోను చార్జింగు కలిపి రోజుకు 450 వాట్-గంటలకు మించదు. 150 వాట్ల పలక, 100 ఆంపియర్-గంటల బ్యాటరీ చాలు. పలకను కప్పుకు శాశ్వతంగా బిగించకండి. మరలు విప్పి పది నిమిషాల్లో లోపల పెట్టుకొనేలా ఉండాలి. తిత్లీ తర్వాత ఎన్నో ఊళ్ళు చాలా రోజులు చీకట్లో ఉన్నాయి. ఆ రోజుల్లో ఫోను చార్జి చెయ్యగలిగిన ఇంటికి ఊరంతా వచ్చేది.

పొయ్యి ఇంటికి పది గజాల దూరంలో, గాలివాలు చూసి పెట్టుకోవాలి. తోటలో జీడి పెంకులు ఊరకే దొరుకుతాయి గదా అని పొయ్యిలో వేస్తారు కొందరు. ఆ పొగ కళ్ళకు, గొంతుకు చేటు. ఎండు కొబ్బరి మట్టలు ఉండగా వాటి జోలికెందుకు? మట్టలు తడవకుండా అరుగు కింద ఒక అర కట్టించుకోండి. తేళ్ళు చేరతాయి గనుక తీసేటప్పుడు కర్రతో కదిపి మరీ తీయాలి.