నర్సరీలో ప్రయోగానికి గ్రాంటు: దరఖాస్తు ఎలా రాసుకోవాలి?



షేడ్‌నెట్‌కి, పాలీహౌస్‌కి సబ్సిడీ ఎలా తీసుకోవాలో మీలో చాలామందికి తెలుసు. ఈ పాఠం దాని గురించి కాదు. మీ నర్సరీలో ఏళ్ల తరబడి తేలని ఒక సమస్య ఉంటుంది. దానికి జవాబు కనుక్కోవడానికి ప్రభుత్వ డబ్బు ఎలా అడగాలో ఇందులో చెబుతాం. పెద్ద చదువు అక్కర్లేదు. అయితే లెక్క రాసే అలవాటు మాత్రం తప్పనిసరిగా కావాలి.

సబ్సిడీ వేరు, గ్రాంటు వేరు

నర్సరీ కట్టుకోవడానికి, నీటి వసతికి, నీడ పందిరికి సాయం కావాలంటే అది సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ కిందకి వస్తుంది. దానికి రైతు సేవా కేంద్రంలోనో, మండల ఉద్యాన అధికారి దగ్గరో అడగాలి. అక్కడ మీరు వస్తువు చూపిస్తారు, వాళ్లు కొలిచి డబ్బు వేస్తారు.

ప్రయోగానికి ఇచ్చే గ్రాంటులో చూపించడానికి వస్తువు ఉండదు. మీరు ఒక ప్రశ్న చూపిస్తారు. "ఇది నాకు తెలియదు, ఇలా చేసి తెలుసుకుంటాను, తెలిస్తే ఫలానావాళ్లకు లాభం" అని ఒప్పించాలి. చాలా దరఖాస్తులు ఇక్కడే పోతాయి. పైన 'పరిశోధన' అని శీర్షిక ఉంటుంది, లోపల చూస్తే బోరు, మోటారు, షెడ్డు, ట్రాలీ ఆటో. కమిటీలో కూర్చున్నవాళ్లు రెండో పేజీకి వెళ్లకుండానే పక్కన పెడతారు. వాళ్ల తప్పేమీ లేదండి, ఆ డబ్బు అందుకు ఇచ్చింది కాదు.

ఎవరిని అడగాలి?

రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద 2018-19 నుంచి వ్యవసాయంలో కొత్త ఆలోచనలకు, కొత్త వ్యాపారాలకు సాయం చేసే కార్యక్రమం నడుస్తోంది. ఆలోచన దశలో ఉన్నవాళ్లకు రూ. 5 లక్షల వరకు, నమూనా తయారై మార్కెట్‌కి వెళ్లే దశలో ఉన్నవాళ్లకు రూ. 25 లక్షల వరకు ఇస్తారు. మార్గదర్శకాల ప్రకారం మొదటి దశలో ఖర్చులో 10 శాతం, రెండో దశలో 15 శాతం మీ వాటా. డబ్బు నేరుగా ఢిల్లీ నుంచి రాదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో, సంస్థల్లో ఉన్న ఇంక్యుబేటర్లు దరఖాస్తులు పిలుస్తాయి, ఎంపిక చేస్తాయి, శిక్షణ ఇస్తాయి. వీటికి దారి చూపే ఐదు సంస్థల్లో ఒకటి మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్. ప్రకటన వచ్చినప్పుడు అందులోని శాతాలు, గడువు తేదీ మళ్లీ ఒకసారి చదువుకోండి.

కంపెనీ లేదు, వ్యాపార ప్రణాళిక రాయడం రాదు, కానీ సొంత తెలివితో ఒక పనిముట్టో పద్ధతో కనిపెట్టారా? అలాంటివారి కోసం నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది. 2000లో మొదలైంది, గుజరాత్‌లో ఉంది, కేంద్ర సైన్స్ శాఖ కింద పనిచేస్తుంది. పెద్ద చదువు లేని సామాన్యులు కనిపెట్టినవాటినే వెతికి, పరీక్ష చేయించి, మెరుగుపరచడానికి తోడ్పడుతుంది.

ఇంకో మాట. ప్రతి ప్రయోగానికీ డబ్బు అక్కర్లేదు. పశ్చిమ గోదావరి జిల్లా వెంకట్రామన్నగూడెంలో, సిద్దిపేట జిల్లా ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయాలున్నాయి. పీజీ విద్యార్థులకు ప్రతి ఏడాదీ పరిశోధనకు విషయం కావాలి. మీ నర్సరీలో రెండు బెడ్లు, మొక్కలు ఇస్తానంటే కాదనేవాళ్లు తక్కువ. కడియం చుట్టుపక్కలవాళ్లకైతే వేమగిరిలోనే పూల పరిశోధన డైరెక్టరేట్ ప్రాంతీయ కేంద్రం ఉంది. మా ఉద్దేశంలో ముందు ఈ తలుపు తట్టి, తర్వాత గ్రాంటు సంగతి చూడడం మేలు. ఎందుకంటే ఒక శాస్త్రవేత్త మీతో కలిసి పనిచేస్తానని రాసిచ్చిన ఉత్తరం దరఖాస్తుకి చాలా బలం.

ఒక ఉదాహరణ: జామ అంట్లలో వేరుబుడిపె

మాటలతో కాకుండా ఒక సమస్య తీసుకుని చూద్దాం. జామలో వేరుబుడిపె నులిపురుగు సంగతి మీకు తెలుసు. కవరులో ఉన్నప్పుడు మొక్క పచ్చగానే ఉంటుంది. రైతు కొనుక్కెళ్లి నాటుతాడు. తర్వాత ఆకులు పసుపుబారతాయి, చెట్టు వడలిపోతుంది, తవ్వి చూస్తే వేళ్లనిండా బుడిపెలు. అప్పటికి పురుగు నేలలో పాకిపోయింది. దాన్ని ఆ తోటలోంచి పూర్తిగా పోగొట్టడం దాదాపు అసాధ్యం. ఆ పురుగు వెళ్లింది మన కవరు మట్టిలోంచే కావచ్చు. రైతు మనల్ని తిట్టుకుంటాడు, మనకేమో ఏ లోడు మట్టిలో వచ్చిందో తెలియదు.

దీన్ని దరఖాస్తులో ఎలా రాయాలి? "జామలో తెగుళ్ల నివారణ" అని రాస్తే అది ప్రశ్న కాదు. "కవరు మట్టిని ఎండలో శుద్ధి చేస్తే, లేదా వేపపిండి, ట్రైకోడెర్మా కలిపితే, 90 రోజుల జామ అంట్లలో వేరుబుడిపెలు ఎంత తగ్గుతాయి? మొక్కకు ఎంత ఖర్చు పెరుగుతుంది?" ఇది ప్రశ్న. దీనికి జవాబు అంకెల్లో వస్తుంది.

ఇక పద్ధతి. నాలుగు రకాల మట్టి పెట్టుకుందాం: ఎండలో శుద్ధి చేసింది, వేపపిండి, ట్రైకోడెర్మా కలిపింది, రెండూ చేసింది, ఏమీ చేయనిది. ఆ నాలుగోది వదిలేయకండి. ఏమీ చేయని మట్టి పక్కన లేకపోతే, మొక్కలు బాగుండడం మీ మందువల్లో ఆ ఏడాది వాతావరణంవల్లో ఎవరూ చెప్పలేరు. ఒక్కో రకానికి ఐదు బ్యాచ్‌లు, బ్యాచ్‌కి 20 మొక్కలు. మొత్తం 400. బ్యాచ్‌లన్నీ ఒకే మూల పెట్టకుండా షేడ్‌నెట్ కింద కలగలిపి పెట్టాలి, ఎందుకంటే నీళ్లు, నీడ అన్ని చోట్లా ఒకేలా అందవు.

ఖర్చు అంచనా ఇలా ఉండొచ్చు. ఈ ధరలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. మొక్కకు రూ. 30 చొప్పున 400 మొక్కలకు రూ. 12,000. పాలిథీన్ షీటు, వేపపిండి, ట్రైకోడెర్మాకి రూ. 8,000. మొత్తం 20 బ్యాచ్‌లకు మొదట ఒకసారి, చివర ఒకసారి ల్యాబ్ పరీక్ష, అంటే 40 పరీక్షలు, ఒక్కోటి రూ. 500 అనుకుంటే రూ. 20,000. సగం పూట మనిషికి నెలకు రూ. 7,000, ఆరు నెలలకు రూ. 42,000. రైతుల తోటలకు వెళ్లి చూడడానికి రూ. 10,000. తూకం, రిజిస్టర్లు, ఫొటోలకు రూ. 8,000. మొత్తం రూ. 1,00,000. అందులో 10 శాతం, రూ. 10,000 మీ వాటా. ఐదు లక్షల వరకు ఉంది కదా అని ఐదు లక్షలూ అడక్కండి. లెక్క చెప్పగలిగినంతే అడగండి.

ఇంక్యుబేటర్‌వాళ్లు ఇంకోటి కూడా అడుగుతారు: ఇది తేలితే ఎవరు డబ్బు పెట్టి కొంటారు? "పరీక్ష చేసిన మట్టిలో పెంచిన జామ అంటు" అని చెప్పి మొక్కకు రెండు రూపాయలు ఎక్కువ తీసుకోగలరా? మీ దగ్గర కొనే పదిమంది రైతులను ముందే అడిగి, వాళ్లు చెప్పింది ఉన్నదున్నట్టు రాయండి. ఇద్దరు వద్దన్నారని రాసినా నష్టం లేదు, ఆ కాగితాన్నే ఎక్కువ నమ్ముతారు.

నెలలు చూసుకుని అడగండి

చాలామంది మరిచిపోయేది ఇదే. మట్టిని ఎండలో శుద్ధి చేయాలంటే తడి మట్టిని పలుచగా పరిచి, తెల్లని పారదర్శక పాలిథీన్ కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. అది ఏప్రిల్, మే నెలల్లో చేసే పని. డబ్బు ఆగస్టులో వస్తే ఎండ ఉండదు, ఏడాది పోయినట్టే. అందుకని దరఖాస్తులో నెలల వారీగా పట్టిక పెట్టి, "మార్చిలోగా మొదటి విడత అందితేనే ఈ పని ఈ ఏడాది అవుతుంది" అని స్పష్టంగా రాయండి. ఆలస్యమైతే ఏం చేస్తారో కూడా ఒక వాక్యం రాయండి.

కాగితాలు

ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, భూమి పత్రం లేదా కౌలు పత్రం, నర్సరీ నమోదు పత్రం. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యాన నర్సరీల నమోదుకి 2010లో చట్టం వచ్చింది. లైసెన్సు గడువు అయిపోయి ఉంటే ముందు రెన్యువల్ చేయించుకోండి. భార్య పేరున లైసెన్సు, భర్త పేరున దరఖాస్తు లాంటివి వద్దు, పేర్లు కలవకపోతే అక్కడే ఆగుతుంది. పెద్ద దశ గ్రాంటుకైతే చట్టప్రకారం నమోదైన సంస్థ కావాలి.

వీటన్నిటికన్నా విలువైన కాగితం మీ సొంత రిజిస్టరు. పోయిన రెండు సీజన్లలో ఎన్ని అంట్లు కట్టారు, ఎన్ని బతికాయి, ఎన్ని తిరిగి వచ్చాయి, మట్టి ఎక్కడి నుంచి తెచ్చారు. ఇవి లేకపోతే ఈ రోజే ఒక నోటుబుక్ కొని మొదలుపెట్టండి. దరఖాస్తు వచ్చే ఏడాది వేద్దురు గాని.

డబ్బు వచ్చాక

ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది. మొదటి విడత ఖర్చుకి బిల్లులు, వినియోగ ధ్రువపత్రం ఇస్తేనే రెండోది. మట్టి లోడుకి బిల్లు ఇవ్వరు కదా అంటారు. నిజమే. సంతకం చేసిన వోచరు, ఫోన్‌లో చెల్లించిన రసీదు దాచుకోండి, నగదు ఇవ్వడం తగ్గించండి. ల్యాబ్ పరీక్షకని వచ్చిన డబ్బుని కూలికి వాడాల్సి వస్తే ముందే ఈమెయిల్‌లో అనుమతి అడగండి, తర్వాత చెప్పుకుందాంలే అనుకోకండి.

ఫలితం మీరనుకున్నట్టు రాకపోతే? రాయండి. వేపపిండి వేసినా బుడిపెలు తగ్గలేదని తేలితే అదీ ఫలితమే, పక్క నర్సరీవాళ్లకు ఆ ఖర్చు మిగులుతుంది. గ్రాంటు వెనక్కి అడిగేది ప్రయోగం తప్పినందుకు కాదు, లెక్క తప్పినందుకు. అంకెలు మాత్రం దిద్దకండి.

పని మధ్యలో మీ తల్లి మొక్కల్లో కొత్త రకం ఏదైనా కనబడితే, కొమ్మలు పంచిపెట్టే ముందు ఆగండి. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం కింద రైతు తన రకాన్ని ఫీజు లేకుండా నమోదు చేయించుకోవచ్చు. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో ఫారం నింపడానికి సాయం అడగండి.

దరఖాస్తు రాసిపెడతాం, గ్రాంటు ఇప్పిస్తాం, అందులో ఇంత శాతం ఇవ్వండి అని ఎవరైనా ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పకండి, అడ్వాన్సు ఇవ్వకండి. ఆ ప్రశ్న మీది, ఆ నర్సరీ మీది. కమిటీ ముందు కూర్చుని జవాబు చెప్పాల్సింది కూడా మీరే, కాబట్టి తెలుగులోనైనా సరే మొదటి చిత్తుప్రతి మీ చేత్తోనే రాసుకోండి.