తెర మీద చొక్కా ఏం చెబుతుంది?

సినిమా చూసి బయటికొచ్చాక పాటల గురించి, ఫైట్ల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. బట్టల ఊసే ఎత్తం. కానీ పాత్ర నోరు తెరవకముందే దాని సంగతి సగం చెప్పేసేవి ఆ బట్టలే. మన క్లబ్‌లో షార్ట్ ఫిల్మ్ మాట నడుస్తోంది కదా, అందుకే ఈ చిన్న పాఠం.

మన దేశానికి తొలి ఆస్కార్ తెచ్చింది ఒక కాస్ట్యూమ్ డిజైనరే. ‘గాంధీ’ (1982) సినిమాకి భాను అథయ్యా, జాన్ మోల్లోతో కలిసి 1983లో ఆ అవార్డు అందుకున్నారు. మన ‘మహానటి’కి (2018) ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు జాతీయ అవార్డు గెలిచారు. అందులో చీర నేత, జాకెట్టు కుట్టు మారుతుంటే కాలం మారిందని మనకే తెలిసిపోతుంది. ‘మాయాబజార్’ (1957) లాంటి నలుపు తెలుపు సినిమాల్లో ఇంకో చిక్కుంది. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిద రంగులా కనబడొచ్చు. అప్పుడు జరీ మెరుపు, లేత ముదురు తేడాలే దిక్కు.

పని ఎలా మొదలవుతుంది? స్క్రిప్టుని సీన్లుగా విడగొట్టి, ఏ పాత్ర ఏ రోజు ఏం వేసుకుందో చార్ట్ రాస్తారు. ఒకే సీను రెండు వేర్వేరు రోజుల్లో తీయొచ్చు కాబట్టి, షాట్ అవ్వగానే ఫోటో తీసి పెట్టుకుంటారు. లేకపోతే మడిచిన చెయ్యి మరుసటి షాట్‌లో దిగిపోతుంది! వాన, ఫైట్ సీన్లుంటే ఒకే డ్రెస్ రెండు మూడు జతలు కుట్టిస్తారు. కొత్త చొక్కాని పాతగా చూపించాలంటే ఉతికి, గరుకు కాగితంతో రుద్ది, టీ నీళ్లలో ముంచుతారు.

ఇక మా ఊరి సంగతి. మాది చోడవరం దగ్గర వడ్డాది, చుట్టూ చెరకు తోటలు. సినిమాలో రైతు అనగానే మరక లేని తెల్ల పంచె, భుజాన తువ్వాలు. మా దగ్గర చెరకు కొట్టేవాళ్లు మండే ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుంటారు, తలకి గుడ్డ చుట్టుకుంటారు. ఆడవాళ్లయితే చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటారు. ఎందుకంటే చెరకాకు అంచు రంపంలా చెయ్యి కోసేస్తుంది. కత్తి ఎంత అవసరమో ఆ చొక్కా అంతే అవసరం. అది తెలియకుండా డ్రెస్ వేస్తే, మా వాళ్లు తెర మీద తమని తాము గుర్తుపట్టలేరు.

అందుకే డ్రెస్ కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం: ఇది ఏ కాలం? ఈ మనిషి చేసే పనేంటి? ఈ బట్ట ఎన్నాళ్లుగా వాడుతున్నాడు? జవాబులు షాపింగ్ మాల్‌లో దొరకవు. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు, పొలం గట్టు మీద నిలబడి చూసి, రాసుకుని రండి.