పోటీ పరీక్షల ప్రత్యేకం: గణితాధారిత సంగీతరచన

నిర్వచనము: స్వరముల ఎంపికను, క్రమమును, కాలప్రమాణమును స్వరకర్త ఒక్కొక్కటిగ నిర్ణయింపక, ముందుగ నిర్దేశించిన నియమావళికిగాని, సంభావ్యతా సూత్రములకుగాని అప్పగించి కృతిని నిర్మించు పద్ధతియే అల్గారిథమిక్ కంపోజిషన్.

పూర్వరంగము

• 13వ శతాబ్దము: దేవగిరి యాదవరాజగు సింహణుని ఆస్థానమునందలి శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరము’న సప్తస్వరముల ప్రస్తారమును (సాధ్యమగు క్రమములన్నిటి వరుసను) గణించి, 5,040 క్రమములు (7!) కలుగునని తెలిపెను. క్రమసంఖ్యనుబట్టి తానమును (స్వరక్రమమును) కనుగొనుట ‘నష్టము’. తానమునుబట్టి క్రమసంఖ్యను కనుగొనుట ‘ఉద్దిష్టము’.
• 17వ శతాబ్దము: వేంకటమఖి, ‘చతుర్దండిప్రకాశిక’, 72 మేళములు (6×6×2).
• 1843: బాబేజ్ రూపొందించిన ఎనలిటికల్ ఇంజన్ అను గణనయంత్రముపై తాను వ్రాసిన వ్యాఖ్యలలో ఆడా లవ్‌లేస్, స్వరసంబంధములను నియమబద్ధముగ తెలుపగలిగినచో ఆ యంత్రము సంగీతమును సైతము రచింపగలదని ఊహించెను.

కంప్యూటర్ యుగము

• 1957: ‘ఇలియాక్ స్వీట్’, కర్తలు లెజారెన్ హిల్లర్, లియొనార్డ్ ఐజాక్సన్, ఇలినాయ్ విశ్వవిద్యాలయము. నాలుగు తంత్రీవాద్యములకై రచింపబడిన ఈ కృతియందలి నాలుగు భాగములకు ‘ప్రయోగములు’ అని పేరు. నాలుగవదానియందు మార్కోవ్ శృంఖలములు (ముందు స్వరమునుబట్టి తరువాతి స్వరపు సంభావ్యతను నిర్ణయించు పద్ధతి) వినియోగింపబడినవి.
• 1957: ‘మ్యూజిక్-1’ ప్రోగ్రామ్, మాక్స్ మాథ్యూస్, బెల్ ల్యాబ్స్.
• 1962: ‘ఎస్‌టి/10’, ఇయానిస్ జెనాకిస్, ఐబీఎం 7090 కంప్యూటర్.

తప్పక గుర్తుంచుకొనవలసినవి

• ఇలియాక్ స్వీట్‌నందు యంత్రము రచనను మాత్రమే నిర్ణయించెను, వాయించినవారు మనుష్యులే. మ్యూజిక్-1 నందు ధ్వనియే కంప్యూటర్ గణనమున జనించెను. రెండును ఒకే సంవత్సరమునకు చెందినవగుటచే ఈ భేదమును పరీక్షకులు అడుగుటకు అవకాశము మెండు.
• జతపరచుటకు: జెనాకిస్ – స్టొకాస్టిక్ (సంభావ్యతాధారిత) సంగీతము, శార్ఙ్గదేవుడు – ప్రస్తారము, వేంకటమఖి – మేళకర్త పద్ధతి.